ఓటెయ్యని ఓటరు

తిప్పనకుంట సర్పంచి పదవి ఈసారి ఆడవాళ్ళకు వచ్చింది. ఆ మాట తెలిసిన వారంలోపే, ఊరి పెద్దలు తమంతట తామే వేసుకున్న గ్రామ కమిటీ కూర్చుని, కమిటీ పెద్ద లింగం భార్య రుక్మాబాయి ఒక్కతే నామినేషన్ వేయాలనీ, ఊరు ఏకగ్రీవం కావాలనీ తీర్మానం చేసేసింది. కాదన్నది బీడీలు చుట్టే కల్యాణి ఒక్కతే. మొన్నటి వానలకు వాళ్ళ వాడకు పోయే కల్వర్టు కొట్టుకుపోతే, కమిటీ దాని ఊసెత్తకుండా ఊరి మొదట్లో సిమెంటు కమాను కట్టించింది. ఇదేమిటని అడగబోతే "ఇంటికో మొగమనిషే మాట్లాడాలె" అన్నారు. కల్యాణి భర్త అభిలాష్ మస్కట్‌లో ఉన్నాడు. అంటే ఆ ఇంటికి నోరు లేనట్టే. సరే, నోరు తెచ్చుకుందామని కల్యాణి పోటీకి దిగింది. కానీ ఆమెను ప్రతిపాదిస్తూ కాగితం మీద చెయ్యి పెట్టడానికి ఆ ఊరి ఓటరు ఒకరు కావాలి. ఆమె వెంట నిలబడ్డ ఇంటికి నీళ్ళూ నిప్పూ బంద్ అని కమిటీ చాటింపు వేయించింది. ఆఖరి రోజు, గడువు ముగుస్తుందనగా, నామినేషన్ కేంద్రం గేటు దాటి కల్యాణి లోపలికి వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని ఒక ముసలామె వస్తోంది.

యేసుబాబు కళ్ళద్దాలు తీసి కళ్ళు నలుపుకున్నాడు.

ఆయన కామారెడ్డిలో హైస్కూలు తెలుగు పండితుడు. ఈ నాలుగు ఊళ్ళకు నామినేషన్లు తీసుకునే అధికారిగా డ్యూటీ పడింది. జనాభా లెక్కలు, ఇంటింటి సర్వేలు, ఓటర్ల నమోదు, బడి మూతపడ్డ రోజుల్లో బియ్యం పంపిణీ... సర్కారుకు ఎప్పుడు ఏ మనిషి కావాల్సి వచ్చినా పంతులే గుర్తుకొస్తాడు. పొద్దున ఎల్లారెడ్డి బస్సులో నిలబడి వచ్చాడు. మోకాలు సలుపుతోంది. షుగర్ మాత్ర వేసుకున్నాడో లేదో గుర్తులేదు. మధ్యాహ్నం భార్య గ్లోరీ ఫోన్ చేసి "తిన్నవా?" అంటే "తిన్న" అని అబద్ధం చెప్పాడు. రిటైర్మెంటు దగ్గర పడింది. ఆయనకు ఇప్పుడు కావలసిందల్లా పేరు రాకుండా, గొడవ లేకుండా ఒక్కో రోజూ గడవడమే.

ఆ సంగతి లింగం ఎలాగో పసిగట్టాడు. పొద్దటి నుంచీ మూడుసార్లు చాయ్ పంపించాడు. "మాది శాంతిగల్ల ఊరు సార్. మీకేం తక్లీఫ్ ఉండది" అని ప్రతిసారీ చెప్పించాడు. భార్య చేత పొద్దున్నే నామినేషన్ వేయించాడు. గడువు దాటగానే ఆమె మెడలో వేయడానికి బంతిపూల దండ తెప్పించి, రుక్మాబాయి ఒళ్ళో కవరులో పెట్టి, ఆమెను గోడవారగా బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆమె అలా గంటలుగా కూర్చునే ఉంది. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు, ఆమె కూడా ఎవరినీ పలకరించలేదు.

"సార్, ఈమె పేరు భూదవ్వ. మా ఊరే. నన్ను ప్రతిపాదిస్తది" అంది కల్యాణి.

పంచాయతీ కార్యదర్శి సిద్దార్థ జాబితా తిప్పి వేలు పెట్టి చూపించాడు. "ఉంది సార్. పేరుంది, ఫోటో గూడ ఆమెదే."

"కూసో అవ్వా" అన్నాడు యేసుబాబు.

భూదవ్వ కుర్చీ మీద కూర్చోలేదు. బల్లను ఒక చేత్తో పట్టుకుని నిలబడింది. నడుము వంగిన మనిషి, చీర కొంగుకు పొగాకు వాసన.

అప్పుడు లేచాడు లింగం. కోపంగా లేవలేదు. చాలా ఓపికగా, పిల్లలకు చెప్పేవాడిలా లేచాడు.

"సార్, ఒక్క మాట. ఓటరు గావాలె గద, ప్రతిపాదించనీకి?"

"అవును."

"మరి ఈమె ఓటరు గాదు."

"పేరుంది గదా అన్నా" అన్నాడు సిద్దార్థ.

"పేర్లకేం తమ్మీ, సచ్చినోళ్ళ పేర్లు గూడ ఉంటయి. ఓటరంటే ఓటేసేటోడు. కౌలుదారంటే కౌలు జేసేటోడు, జీతగాడంటే జీతమున్నోడు. గంతేనా కాదా? భూదవ్వా, నువ్వే చెప్పు. నీ ఏలుకు ఎన్నడన్న సిరా అంటిందా?"

ముసలామె తన ఎడమచేతి వేలు చూసుకుంది. అక్కడ ఏమైనా ఉందేమో అన్నట్టు.

"అంటలె" అంది.

"ఒక్కపారన్న?"

"ఒక్కపారి గూడ అంటలె."

"ఇన్నరా సార్! ఆమె నోటితోనే చెప్తున్నది. ఎన్నడు ఓటెయ్యనిది ఓటరెట్లయితది? ఆ కాగితం చెల్లది."

తలుపు దగ్గర నిలబడ్డ కమిటీ వాళ్ళు తలలూపారు. ఒకడు నవ్వాడు.

యేసుబాబుకు ఆ క్షణాన తోచిన దారి చాలా సుళువైనది. అభ్యంతరాలు వినడానికి రేపు పరిశీలన ఉంటుంది. అప్పుడు రాసి ఇవ్వమంటే సరి. ఇవ్వాళ బస్సు దొరుకుతుంది. ఇంటికి పోయి కాళ్ళు చాపుకోవచ్చు. రేపటికి ఆ ముసలామె రాకపోతే, భయపడి మాట మార్చితే, తన చేతికి మట్టి అంటదు. ఆ మాటే అనబోయాడు.

"అభ్యంతరం ఉంటే రేపు..."

"రేపటిదాక అవ్వను మాటమీద ఉండనియ్యరు సార్" అంది కల్యాణి. "రాత్రికి ఇంటి మీదికొస్తరు. ఆమె ఓటరా, కాదా? ఆ ఒక్క ముచ్చట ఇప్పుడే చెప్పుండ్రి. కాదంటే ఇద్దరం ఇటునుంచి ఇటే పోతం. మల్ల మీకు కనవడం."

యేసుబాబు ఆమె వైపు చూశాడు. చెప్పడానికి ఏముంది? రూల్సు పుస్తకం బల్ల మీదే ఉంది. ఎనిమిదో తరగతి పిల్లవాడైనా చెప్పగలడు. చెప్పడానికి తెలివి అక్కర్లేదు, ఓపిక కావాలి. ఆ ఓపికే తన దగ్గర లేదనిపించింది. ఇన్నేళ్ళూ తరగతి గదిలో మాటలకు అర్థాలు చెప్పాడు. పర్యాయపదాలు, నానార్థాలు, వ్యుత్పత్తులు. ఒక మాటకు అర్థం చెప్తే ఒక ఊళ్ళో ఒక ఇంటికి నీళ్ళు బంద్ అయ్యే పరిస్థితి ఎప్పుడూ రాలేదు.

"లింగం గారూ, కూసోండ్రి" అన్నాడు చివరికి. "ఇంగ్లీషులో దీనికి రెండు మాటలున్నయి. ఓటు హక్కు ఉన్నవాళ్ళకు ఎలెక్టర్, పోయి ఓటేసి వచ్చినవాళ్ళకు ఓటర్. మనం రెండిటికీ ఓటరనే అంటం. అందుకే ఈ తిరకాసు. ఈ కాగితంల ఉన్న ఓటరు మొదటి రకం. హక్కున్న మనిషి. జాబితాల పేరుండి, మనిషి బతికుంటే ఓటరే. ఏసినా ఓటరే, ఎయ్యకున్నా ఓటరే."

"గదెట్ల సార్! వాడని హక్కు ఉంటే ఎంత, పోతే ఎంత?"

"రేషన్ కార్డుంది. ఒక నెల బియ్యం తెచ్చుకోలేదు. కార్డు పోతదా?"

"మూడు నెలలు తెచ్చుకోకుంటే పోతది సార్!" అన్నాడు లింగం వెంటనే. "మా చిన్నాయినది గట్లనే పోయింది."

తలుపు దగ్గర అందరూ గొల్లుమన్నారు. సిద్దార్థ కూడా తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. యేసుబాబుకు చెవులు వేడెక్కాయి. తరగతిలో తప్పు ఉదాహరణ చెప్పి పిల్లల చేతికి దొరికిపోయిన రోజులు గుర్తొచ్చాయి. ఆ నవ్వు ఆగేదాకా ఊరుకున్నాడు. కోపం రాలేదు. అలసటే ఇంకొంచెం దిగిపడింది భుజాల మీద.

"సరే, అది తప్పయింది" అన్నాడు. "ఇంకోటి అడుగుతా. మీకు వాగు అవతల చెల్క ఉందంటిరి పొద్దున. ఈసారి ఏమేసిన్రు?"

"ఏమెయ్యలే. పడావుంది. కూలోళ్ళు దొరుకుతలేరు."

"పోయినేడు?"

"పోయినేడు గూడ పడావే."

"మరి పట్టా ఎవరి పేరున ఉంది?"

"నా పేరునే."

"నాగలి కట్టని చేను మీది కాకుంట పోతదా? వేరేటోడు దున్నుకుంటే వానిదైతదా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అక్కడ ఉన్నవాళ్ళలో సగం మందికి పడావు పడ్డ చేలున్నాయి. తన చేను ఎవడో దున్నుకుంటాడన్న తలపు వాళ్ళకు నవ్వొచ్చేది కాదు.

లింగం మొహం మారింది. పొద్దటినుంచీ పట్టుకున్న ఓపిక జారిపోయింది.

"చేనూ ఓటూ ఒక్కటా సార్? ఊరన్నంక ఒక కట్టుంటది. ఊరంటే ఓటర్లు. ఓటర్లంటే కమిటీ మాట ఇన్నోళ్ళు. ఇన్నేండ్లు ఒక్క లొల్లి లేకుంట నడిపిచ్చినం. ఈమె ఓటు గురించి మీరు నాకు చెప్తరా? ఈమె ఓటు ఎన్నడన్న ఖాళీ పోయిందా? మేము ఏయిస్తేనే గద పడ్డది ప్రతిసారి!"

మాట బయటపడ్డాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు.

సిద్దార్థ చేతిలోని పెన్ను కాగితం మీద ఆగిపోయింది. తలుపు దగ్గరున్న కానిస్టేబుల్ లింగం వైపు చూసి, మళ్ళీ యేసుబాబు వైపు చూశాడు.

"ఏమన్నరు?" అని అడిగాడు యేసుబాబు.

"అంటే... మేమంటే... ముసలోళ్ళు, నడవరానోళ్ళు. వాళ్ళ తరపున ఊరు..."

"భూదవ్వ నడిచే వచ్చింది గదా ఇక్కడిదాక."

భూదవ్వ బల్ల వదిలిపెట్టి లింగం వైపు తిరిగింది. ఆమె మొహంలో కోపం లేదు. చాలాకాలంగా దొరకని వస్తువు ఎవరింట్లోనో కనబడ్డ మనిషిలా ఉంది.

"నువ్వా బిడ్డా ఏసింది?" అంది.

లింగం తల తిప్పుకున్నాడు.

"పెండ్లై వచ్చినంక మొదటిపారి పోయిన సార్" అని యేసుబాబుతో చెప్పడం మొదలుపెట్టింది. "తలకు నూనె రాసుకొని, పెట్టెలున్న చీర కట్టుకొని పోయిన. వరుసల నిలవడ్డ. నీది పడ్డది పో అన్నరు. నేను గిప్పుడే వస్తి గదా అంటే, పడ్డదంటే పడ్డదే అన్నరు. రెండోపారి ఇంకా పొద్దుగాల్నే పోయిన. గప్పుడు గూడ పడ్డదన్నరు. గిదేం మాయనో అనుకున్న. మా ఇంటాయన, నీకు రాసిపెట్టలేదు తియ్యే అన్నడు. ఇగ పోవుడు బంద్ జేసిన. అందరు ఏలు సూపిచ్చుకుంట వస్తుంటే, నేను లోపట కూసోని బీడీలు జేస్కున్న. నాకు రాదేమో, నా అసొంటోళ్ళకు గది ఉండదేమో అనుకున్న. ఇన్నేండ్లు."

ఆగి ఊపిరి పీల్చుకుంది.

"నీ పెద్దబిడ్డ పుట్టినప్పుడు మీ ఇంట్ల నేనే ఉన్న లింగం. వేన్నీళ్ళు నేనే కాగబెట్టిన. నన్నడిగితే నువ్వు చెప్పినోనికే ఏద్దును గదరా. నన్ను అడగనన్న అడగపోతివి."

గోడవారన రుక్మాబాయి ఒళ్ళో కవరు చప్పుడైంది. ఆమె దాన్ని గట్టిగా పట్టుకుంది.

యేసుబాబు కాగితం తన వైపు జరుపుకున్నాడు. అనవలసినదంతా ఆ ముసలామె అనేసింది. "సిద్దార్థా, ప్యాడ్ ఇయ్యి" అన్నాడు. సిద్దార్థ సిరా ప్యాడ్ తెరిచి ముందు పెట్టాడు. భూదవ్వ తన బొటనవేలు ఆయన చేతికిచ్చింది. బీడీ ఆకు కత్తిరించి కత్తిరించి ఆ వేలి గీతలు సగం అరిగిపోయాయి. ముద్ర మొదటిసారి సరిగ్గా పడలేదు. యేసుబాబు తన రుమాలుతో తుడిచి మళ్ళీ పట్టించాడు.

"గింత సిరానేనా సార్?" అంది భూదవ్వ వేలు చూసుకుంటూ.

"గింతే అవ్వా."

ఆయన రసీదు రాసి కల్యాణికిచ్చాడు. పరిశీలన రేపు పొద్దున ఉంటుందని, ఇద్దరూ రావాలని చెప్పాడు. కల్యాణి రసీదును జాకెట్టులో పెట్టుకుంది. ఆమె కళ్ళు నిండాయి గానీ ఏడవలేదు. ఏడిస్తే ఆ గదిలో ఎవరికి సంతోషమో ఆమెకు తెలుసు.

లింగం తలుపు దగ్గర ఆగాడు.

"మంచిది సార్. మీరు బస్సెక్కి కామారెడ్డి పోతరు. మేం ఈడనే ఉంటం, వీళ్ళు ఈడనే ఉంటరు. నీళ్ళెట్ల తాగుతరో, దుకాణంల ఉప్పెవడు పోస్తడో సూస్త. మీరు గూడ ఎక్కడికి పోతరు తియ్యుండ్రి, ఇంకా నౌకరీ ఉంది గద మీకు."

ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. అతని వెనకే మిగతావాళ్ళూ పోయారు. బయట తిప్పనకుంట మీదుగా ఎల్లారెడ్డి పోయే షేరాటో ఆగి ఉంది. కల్యాణి భూదవ్వను నడిపించుకుంటూ దాని దగ్గరికి పోవడం, డ్రైవరు వాళ్ళ వైపు చూడకుండానే బండి కదిలించుకు పోవడం కిటికీలోంచి కనబడింది. ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడిపోయారు. అప్పుడే మొదలైంది బంద్.

యేసుబాబు కానిస్టేబుల్‌ను పిలిచాడు. "బాబూ, వాళ్ళిద్దరినీ ఇంటిదాక దింపే మార్గం చూడు. మీ ఎస్సైతో నేను మాట్లాడుత." కానిస్టేబుల్ కొంచెం సందేహించి, తలూపి, బయటికి పోయాడు. సిద్దార్థ కాగితాలన్నీ ఫైల్లో పెట్టి జిరాక్సు కోసం పక్కగదిలోకి నడిచాడు.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. సరైన పని చేసినప్పుడు మనసు తేలికపడుతుందని పిల్లలకు చెప్తూ వచ్చాడు. ఆయనకేమీ తేలికపడలేదు. రేపటి పరిశీలన, రాత్రి రాబోయే ఫోన్లు, పైఅధికారి అడగబోయే ప్రశ్నలు వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి. లింగం నోటి వెంట వచ్చిన ఆ మాటను కాగితం మీద పెట్టాలా? పెడితే ఎక్కడిదాకా పోతుంది? పెట్టకపోతే భూదవ్వ మొహం ఎట్లా చూడాలి?

గ్లోరీకి ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాడు.

"సార్."

ఉలిక్కిపడ్డాడు. రుక్మాబాయి ఇంకా అక్కడే ఉంది. అందరూ ఆమెను మరిచిపోయారు. బంతిపూల దండ కవరును బెంచీ మీద వదిలి, బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. అంత దగ్గర నుంచి చూస్తే ఆమె కళ్ళ కింద నల్లటి వలయాలు కనబడ్డాయి. కొన్నాళ్ళుగా నిద్రలేని మొహం.

"చెప్పమ్మా."

"నా పెద్దబిడ్డ కాన్పుకు వేన్నీళ్ళు పెట్టింది గా భూదవ్వనే సార్. ఆమె అబద్ధం చెప్పది." ఒకసారి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నన్ను గూడ ఎవ్వలు అడగలె సార్. ఏలుముద్ర పెట్టుమన్నరు, పెట్టిన. నేను నిలవడ. నా పేరు తీసేయుండ్రి."

ఆమె పేరు తీసేస్తే తిప్పనకుంటలో మిగిలేది ఒక్కటే పేరు. కమిటీ కోరుకున్న ఏకగ్రీవం జరిగిపోతుంది. కల్యాణి పేరుతో.

"నీకు తెలుసా అమ్మా, నువ్వు తప్పుకుంటే ఏమైతదో?"

"తెల్సు సార్."

"ఇవ్వాళ కుదరదు. రేపు పరిశీలన. దాని తర్వాత వాపసు తీసుకునే రోజు ఉంటది. ఆనాడు నువ్వే స్వయంగా ఇక్కడికి వచ్చి, నా ముందు కాగితం మీద వేలుముద్ర పెట్టాలె."

రుక్మాబాయి పెదవులు కదిలాయి. బయట లింగం గొంతు దగ్గరవుతోంది. ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు.

"గా దినం దాక నన్ను ఇల్లు దాటనిస్తరా సార్?"

తలుపు తెరుచుకుంది. లింగం గుమ్మంలో ఆగి, ఖాళీ బెంచీ వైపు చూశాడు. దాని మీద ఉన్న దండ వైపు చూశాడు. తర్వాత బల్ల దగ్గర నిలబడ్డ భార్య వైపు.

"ఏం మాట్లాడుతున్నవే సార్‌తోని?"

రుక్మాబాయి అతని వైపు తిరగలేదు. యేసుబాబు మొహంలోకే చూస్తూ నిలబడింది. లింగం కూడా ఇప్పుడు ఆయన వైపే చూశాడు.

"మీరన్న చెప్పుండ్రి సార్. ఏమంటున్నది?"